చిన్న గేజు

తొమ్మిది గంటలుగా తిరుగుతోంది ప్రోగ్రాం.
గుణుపురంలో వాన. కాలేజీ మేడ మీద గది.
మూడు పాత కంప్యూటర్లు
ఒకదాని తీగ ఒకటి పట్టుకుని సణుగుతున్నాయి.
కిటికీ అవతల ఎక్కడో వంశధార
ఎర్రమట్టి మోసుకుని దిగుతోంది.
దాన్ని లెక్కగట్టమని నన్నెవరూ అడగలేదు.

నేను గీసింది ఒకే ఒక్క గొట్టం.
వెడల్పు ఎనిమిది మైక్రాన్లు,
తల వెంట్రుకలో పదో వంతు.
ప్లాస్మాని గళ్లుగళ్లుగా కోసుకున్నాను.
ప్రతి గడీ తనకున్న వేగాన్ని
ఎనిమిది దిక్కులకీ పంచి
ఒక పాలు తన దగ్గరే ఉంచుకుంటుంది.
అంతే. నీళ్లు పారడమంటే
ఇరుగుపొరుగు చేబదులు.

ఎర్రకణం నాకు ఒక స్ప్రింగుల దండ.
నూట ఇరవై చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య బిగువు.
చుట్టుకొలత మారకూడదు. లోపలి జాగా తరగకూడదు.
ఈ రెండూ కాపాడుకుంటూనే
సందు రాగానే వొంగుతుంది మంచి కణం,
ఓసారి గొడుగై
ఓసారి అరిగిన చెప్పై.

నౌపడా నుంచి చిన్న రైలు నడిచే రోజుల్లో
పర్లాకిమిడిలో మా మేనత్త ఇలాగే ఎక్కేది:
జీడిపప్పు గోనె ముందు, మోచెయ్యి తరవాత,
ఆఖర్న తను.
తలుపు దాటాక మళ్లీ గుండ్రంగా మనిషయ్యేది.
పెద్ద గేజు పడింది. ఇప్పుడెవరూ
అంతలా వొంగక్కర్లేదు.

బిగువుని పది రెట్లు చేశాను.
ఆకారం గడిలో "కొడవలి" అని కొట్టాను.
రెండు సెకన్ల పని.

మొదటి రాత్రి కణం గోడలోంచి బయటికెళ్లిపోయింది.
రెండో రాత్రి పేలిపోయి తెర నిండా
అంకె కాదు, అంకె కాదు, అంకె కాదు.
కాలపు అడుగు పెద్దదయిందని
సగానికి కోశాను. మళ్లీ సగానికి.
ఇవాళ నిలబడింది.

ఏలియా రయితా వచ్చాడు, గొడుగు దులుపుకుంటూ.
సర్కారు ఆసుపత్రిలో రక్తం చూసేవాడు,
పుట్టాసింగి వైపు కొండ మీద ఊరు.
సవర భాషలో ఏదో గొణిగి, నాకోసం తెలుగులోకి దిగాడు.
"గోడ మరీ నున్నగా ఉంది మేడం."

"ఉంటే?"

"నిజం గోడ పట్టుకుంటాది.
ఈ వంకరది కాదు ముందు ఆగేది.
మెత్తగా, పడుచుగా ఉన్న కణం
గోడకి అతుక్కుంటాది ముందు.
ఆ వెనకాల వచ్చి
ఇరుక్కుంటాది ఇది."

నెలల తరబడి నేను దోషిని చేసింది కొడవలిని.

"స్లైడులో చూశావా?"
"చూశాను" అన్నాడు.
కాసేపాగి మోకాలు రుద్దుకుంటూ
"వానకి కూడా తెలుస్తాది."

నేనేమీ అనలేదు. ఏమనాలో
ఏ పుస్తకంలో చదివానని.

తెర మూల చిన్న అంకె మీద వేలు పెట్టాడు:
సున్నా పాయింటు మూడు.
ఇదేటి?
లోపల గడిచిన సెకన్లు.
బయటెంత?
తొమ్మిది గంటలు.

గుండె ఒక్కసారి కొట్టుకోడంలో
మూడో వంతు అది. సిగ్గుపడుతూ చెప్పాను,
మిషన్లు పాతవి, గళ్లు ఎక్కువ.

నవ్వాడు. ఆ సాయంత్రం అదొక్కసారే.
"సరిగ్గానే కట్టారు మేడం.
నొప్పొచ్చిన రాత్రి మాకూ
ఇలాగే గడుస్తాది."

గోడకి జిగురు చేర్చాలంటే
ఇంకో వరుస రాయాలి. దానికొక అంకె కావాలి.
ఎంతుండొచ్చు, అనడిగాను.

అంకెల్లో నాకేటి తెలుస్తాది, అంటూనే
తడి బొటనవేలు బల్ల మీద నొక్కి
నెమ్మదిగా
చాలా నెమ్మదిగా లేపసాగాడు.

కరెంటు పోయింది.
చీకట్లో యూపీఎస్ కూత.
వేలు ఎప్పుడు విడిపోయిందో
నేను చూడలేదు.